మోకాలి లోతు నీళ్లకి ఏ కయాక్?

పోయిన సంచికలో పెన్నలో కయాక్ (ఒకరిద్దరు కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మీద తిరిగిన సంగతి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం "మాకూ ఒకటి కావాలి, ఏది కొనమంటారు" అనే. ఒకే రకంగా ఉన్నవాటిని కలిపేసి నాలుగు ఉంచాను. కొందరు పేర్లు వేయవద్దన్నారు కాబట్టి అందరి పేర్లూ తీసేశాను.

ప్రశ్న: మాది కావలి దగ్గర, తుమ్మలపెంట వైపు ఊరు. ఇంటి నుంచి బకింగ్‌హాం కాలువకి నడిచి పోవచ్చు. ఒక్కడినే పొద్దున్నే పోయి రావడానికి కయాక్ కొనాలని ఉంది. కాలువలో చాలా చోట్ల మోకాలి లోతు నీళ్లే. వానల తర్వాత గుర్రపుడెక్క, కట్ట మీద నుంచి నీళ్లలోకి వాలిన చిల్లచెట్లు, జాలర్లు వలలకి పాతిన కొయ్యలు, అక్కడక్కడా కూలిన రాతి కట్టడాలు. సెలవుల్లో పెన్నకి కూడా తీసుకుపోవాలని ఆశ. చెన్నైలో ఒక షాపువాళ్లు 12 అడుగుల ఫైబర్‌ది తీసుకోమంటున్నారు. మా బావమరిదేమో గాలి నింపేది చాలు, డిక్కీలో పెట్టుకోవచ్చు అంటాడు. నా బరువు 78 కిలోలు, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. 40 వేల దాకా పెట్టగలను.

జవాబు: రెండూ వద్దు. తొమ్మిది నుంచి పది అడుగుల పొడవు, అడుగుభాగం చదునుగా, ఒకే ముక్కగా పోతపోసిన పాలిథీన్ కయాక్, అందులోనూ లోపల కాళ్లు దూర్చి కూర్చునేది కాకుండా పైన కూర్చునే సిట్ ఆన్ టాప్ రకం తీసుకోండి. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే ఇక్కడ తప్పు చేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకడిని.

నా మొదటి కయాక్ ఫైబర్‌దే. నున్నగా, తళతళలాడుతూ, ఒక్క తెడ్డు వేస్తే బాణంలా పోయేది. మూడో వారమే కృష్ణపట్నం వైపు ఉప్పుటేరులో పాటు మీద ఇరుక్కున్నాను, నీళ్లు దిగిపోతుంటే దిగి లాగుదామని తాడు పట్టుకున్నా. కింద బురదే కదా అనుకున్నాను, బురద కింద ఆల్చిప్పలు కత్తుల్లా నిలబడి ఉన్నాయి. పది అడుగులు లాగానో లేదో గరగరమని చప్పుడు. ఒడ్డుకొచ్చి తిప్పి చూస్తే పైపూత జానెడు పొడవున చీరుకుపోయి లోపలి తెల్ల పీచు కనిపిస్తోంది, వేలితో నొక్కితే చెమ్మ. అమ్మినతను ఫోనులో చాలా మర్యాదగా "సార్, అది లాగడానికి కాదు కదా" అన్నాడు. నిజమే. అది లాగడానికి కాదు. మన నీళ్లేమో లాగకుండా పోనివ్వవు.

అసలు సంగతంతా ఇదే. కయాక్ ఎంత బాగా తేలుతుంది, ఎంత వేగంగా పోతుంది అని అమ్మేవాళ్లు చెప్తారు. మీ కాలువలో కిలోమీటరు పోవాలంటే ఎన్నిసార్లు దిగాలి, ఎంత దూరం ఈడ్వాలి అన్నది మీరు లెక్క వేసుకోవాలి. కొనేముందు ఒక పొద్దున కట్ట మీద నడిచి చూడండి, అడ్డాలు లెక్కపెట్టండి. పది పదిహేను వచ్చాయంటే మీరు కొంటున్నది సగం పడవ, సగం ఈడ్చే బండి. ఆ కాలువ ఎప్పుడూ ఇట్లా లేదులెండి, ఒకప్పుడు పెదగంజాం నుంచి మద్రాసు దాకా ఉప్పూ కట్టెలూ వేసుకుని పడవలు పోయిన దారి అది. కరువు రోజుల్లో పని కల్పించడానికి కూడా తవ్వించారు, 1878లో అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు పెట్టారు. తుఫానులు కొట్టి, మట్టి మేటలు వేసి, పూడిక తీసేవాళ్లు లేక ఈ గతికొచ్చింది.

ఇప్పుడు పాలిథీన్ ఎందుకంటే, మీ మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఉంది చూడండి, అది ఎట్లా చేస్తారో ఈ కయాకులూ అట్లాగే చేస్తారు. అచ్చులో ప్లాస్టిక్ పొడి పోసి, వేడి చేస్తూ అన్ని వైపులా తిప్పుతారు, పొడి కరిగి గోడలకి పట్టుకుని అతుకు లేని డొల్ల తయారవుతుంది. రాయి తగిలితే ఫైబర్ పగులుతుంది, ఇది సొట్ట పోతుంది, ఎండలో పెడితే ఆ సొట్ట కూడా చాలావరకు తేరుకుంటుంది. ఆల్చిప్పల మీద లాగితే గీతలు పడతాయి, గీత అంచున ప్లాస్టిక్ సన్నగా వెంట్రుకల్లా లేస్తుంది, అంతే. బ్లేడుతో వాటిని గీకేసి మళ్లీ నీళ్లలో వేయొచ్చు. బరువు మాత్రం ఎక్కువ, పది అడుగులది 20 నుంచి 28 కిలోల దాకా తూగుతుంది. ఆ బరువుకి తిట్టుకుంటారు, నేనూ తిట్టుకుంటాను, కానీ ఆ మందమే దాన్ని కాపాడేది.

గాలి నింపేదాని గురించి మీ బావమరిది చెప్పింది పూర్తిగా తప్పేం కాదు, మందపాటి పీవీసీతో చేసిన మంచివి ఉన్నాయి, రాళ్ల మీద తట్టుకుంటాయి కూడా. మీ కాలువకి మాత్రం కాదు. చిల్లచెట్టు ముల్లు సంగతి మీకు నేను చెప్పాలా? మోటారు సైకిల్ టైరులో దిగే ముల్లు అది. కొమ్మ పైకి కనిపిస్తే తప్పుకుంటారు, నీళ్లలో ఎండిపోయి మునిగి ఉన్న కంప కనిపించదు కదా. మధ్య కాలువలో ఒక గొట్టం మెత్తబడితే పంక్చర్ వేయించుకోవడానికి అక్కడ షాపు కూడా ఉండదు.

ఇక పొడవు. 12 అడుగులది తిన్నగా పోతుంది, నిజం. పెద్ద చెరువులోనో రిజర్వాయర్‌లోనో దూరం కొట్టేవాళ్లకి అదే మంచిది. కొయ్యకీ కొయ్యకీ మధ్య నాలుగడుగుల సందులో మెలి తిరగాలంటే మాత్రం దాని తోక ఎక్కడో ఒక చోట తగులుకుంటుంది. తొమ్మిది పది అడుగులది కొంచెం పక్కలకి ఊగుతూ పోయినా, ఒక్క తెడ్డు వెనక్కి వేస్తే గిర్రున తిరుగుతుంది. ముక్కు, తోక కాస్త పైకి లేచి ఉన్నవి చూడండి, నేల మీద పెట్టి పక్క నుంచి చూస్తే అరటిపండులా అతి కొద్దిగా వంపు కనపడాలి. ఆ వంపుంటే మునిగిన మోడు మీదకి ముక్కు ఎక్కుతుంది, లేకపోతే గుద్దుకుని ఆగుతుంది. మరీ ఎక్కువ వంపున్నవి వడి నీళ్లలో ఆడుకునేవాళ్ల కోసం చేసినవి, మనకి అక్కర్లేదు.

లోతు లెక్క చాలా తేలిక. మీరు, పడవ, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా అన్నీ కలిసి 115 కిలోలు అనుకోండి. తేలాలంటే అది 115 లీటర్ల మంచినీళ్లని పక్కకి నెట్టాలి. వెడల్పుగా చదునుగా ఉన్న అడుగైతే ఆ నెట్టడం పలచగా పరుచుకుంటుంది, నాలుగైదు అంగుళాలు దిగితే సరిపోతుంది. అదే సన్నగా కోసుగా ఉన్న అడుగైతే అంతే బరువుకి ఇంకా లోతుగా దిగాలి. అందుకని 30 అంగుళాలకి అటూ ఇటూ వెడల్పున్నది తీసుకోండి. ఒకటి గుర్తుంచుకోండి, ఐదు అంగుళాల నీళ్లలో తేలినంత మాత్రాన ఐదు అంగుళాల్లో పోతుందని కాదు. అడుగు లోపు నీళ్లలో తెడ్డు రెక్క మునగక బురదని గీకుతుంది, పైగా నేల దగ్గరైతే పడవని ఏదో కిందకి పీల్చి పట్టుకున్నట్టు బరువెక్కుతుంది. అక్కడ తెడ్డుతో కుస్తీ పట్టేకన్నా దిగి నడవడమే మేలు.

దిగడం అన్నాను కాబట్టి, పైన కూర్చునే రకం ఎందుకో కూడా అర్థమయ్యే ఉంటుంది. లోపల కూర్చునేదాంట్లోంచి ఐదు నిమిషాలకోసారి కాళ్లు బయటికి లాక్కుని దిగి, మళ్లీ దూరి కూర్చుని చూడండి, గంటకే విసుగొస్తుంది. అది చలి దేశాలవాళ్ల అవసరం, అసలు కయాక్ పుట్టిందే మంచు సముద్రాల్లో, సీల్ తోలు కప్పి, మనిషి తడవకుండా చేసుకున్న పడవ. మన ఎండలకి తడిస్తే హాయి. పైన కూర్చునేదాంట్లో కాలు పక్కకి వేస్తే దిగినట్టే. బోల్తా కొట్టినా నీళ్లు నిండదు, తిప్పి ఎక్కడమే. దాంట్లో నీళ్లు కిందికి పోవడానికి పై నుంచి అడుగు దాకా పోయే గొట్టాల్లాంటి రంధ్రాలుంటాయి, స్కప్పర్లు అంటారు, వాటిలోంచి కొంచెం నీళ్లు పైకి కూడా వస్తాయి, లాగు తడుస్తుంది, అంతకుమించి నష్టం లేదు.

వెనక అడుగున కత్తిలా పొడుచుకొచ్చే స్కెగ్, తోకకి బిగించిన చుక్కాని, కాళ్లతో తొక్కితే కింద రెక్కలాడే పెడల్ కయాక్, ఈ మూడింటి జోలికీ పోవద్దు. పెడల్‌ది చూడ్డానికి చాలా ముద్దుగా ఉంటుంది, చేతులు ఖాళీ, గాలం వేసుకోవచ్చు, అవన్నీ నిజమే. గుర్రపుడెక్క వేళ్లు ఒక్కసారి చుట్టుకుంటే మాత్రం మీరు కయాక్ తొక్కడం మానేసి తల కిందకి పెట్టి కలుపు తీస్తుంటారు.

షాపులో చూడాల్సినవి. దాన్ని బోర్లా తిప్పమనండి, తిప్పనంటే ఆ షాపు వద్దు. వెనక వైపు చివర, లాగినప్పుడు నేలకి ఒరుసుకునే చోట, బొటనవేలితో గట్టిగా నొక్కండి. లోపలికి సొట్ట పోతే మందం చాలదు. కొన్నింటికి అక్కడ విడిగా ఒక పలక బిగించి ఉంటుంది, అరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు, అలాంటిది దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. లోపలి నీళ్లు ఒంపే బిరడా అడుగున ఉండకూడదు, పక్కనో పైనో ఉండాలి, అడుగున ఉంటే మొదటి రాయికే పోతుంది. పిడులు తాడుతో ఉన్నవి ప్లాస్టిక్ పిడులకన్నా ఎక్కువ కాలం ఆగుతాయి. మోసే బరువు అని రాసిన అంకెని నమ్మి సరిగ్గా అంతే వేయకండి, అందులో మూడింట రెండు వంతులు దాటితే పడవ బాగా దిగిపోయి మందకొడిగా నడుస్తుంది. మీ 78కి సామాను పది కలిపితే 88, అంటే 130 పైన రాసి ఉన్నది చూసుకోండి. రంగు పసుపో నారింజో, జమ్ములో ఇరుక్కున్నా కట్ట మీద నుంచి కనపడేది. నల్లది, ముదురు నీలం వద్దు, మే నెలలో దాని మీద కూర్చోలేరు.

40 వేలూ పడవకే పెట్టేయకండి. లైఫ్ జాకెట్‌కీ తెడ్డుకీ ముందే పక్కన తీసి పెట్టి మిగిలింది పడవకి. ఎక్కడి నుంచో లారీలో తెప్పించుకుంటే రవాణా ఎంతో ముందే రాయించుకోండి, పది అడుగుల డొల్లకి వాళ్లు బరువు లెక్కన కాకుండా జాగా లెక్కన వేస్తారు. తెడ్డు అల్యూమినియం కర్ర, నైలాన్ రెక్కది చాలు. మన తెడ్డు రాయిని తోస్తుంది, కొమ్మని నెడుతుంది, బురదలో పొడుచుకుంటుంది, కార్బన్ తెడ్డు ఆ పనికి పాపం. పొడవు 230 సెంటీమీటర్లది మీ ఎత్తుకీ ఆ వెడల్పుకీ సరిపోతుంది.

ఇక చెప్పకపోతే నాకు నిద్ర పట్టని సంగతి ఒకటి. నిలిచిన నీళ్లలో వాలిన చెట్టు వట్టి అడ్డమే, పారే నీళ్లలో అదే చెట్టు ప్రాణం తీస్తుంది. కొమ్మల సందుల్లోంచి నీళ్లు పోతాయి, మీరు పోరు, జల్లెడలో చిక్కినట్టు చిక్కుతారు, వెనక నుంచి ఏరంతా మిమ్మల్ని నొక్కుతుంది. దూరం నుంచే తప్పుకోండి. తప్పుకోలేక పక్కగా పోయి తగిలితే, అందరికీ వచ్చే మొదటి బుద్ధి చెట్టుకి దూరంగా వెనక్కి వాలడం. అలా వాలితే పై నుంచొచ్చే నీళ్లు పడవ అంచుని ముంచి తిరగేస్తాయి. చెట్టు మీదకే వాలండి, దాన్ని కౌగిలించుకోండి, ముళ్లు గుచ్చుకుంటే గుచ్చుకోనీ. పడవ పోతుందన్న భయంతో మిమ్మల్ని మీరు దానికి తాడుతో కట్టుకోకండి. ఆ తాడే కొమ్మకి పడుతుంది.

పెన్నకి పోతానన్నారు కాబట్టి ఇదీ వినండి. సోమశిల డ్యాం గేట్లెత్తారని పేపర్లో చూస్తే ఆ వారం పెన్న ఊసెత్తకండి, వాన ఇక్కడ పడకపోయినా నీళ్లొస్తాయి. మామూలు రోజుల్లో చీలమండ లోతు కనిపిస్తుంది, పడవ లాక్కుంటూ నడుస్తుంటే పక్క అడుగులోనే ఇసుక తోడిన గుంత, నిలువు లోతు. అందుకని లైఫ్ జాకెట్ పడవ మీద కూర్చున్నప్పుడే కాదు, నడిచేటప్పుడు కూడా విప్పొద్దు. కాళ్లకి చెప్పులు కాదు, పాత కాన్వాస్ బూట్లు. పాదం ఎత్తి వేయకుండా ఇసుకలో జరుపుతూ నడవండి.

జాలర్ల కొయ్యల మీదుగా, వలల మీదుగా పోవద్దు, ఎంత చిన్న సందున్నా చుట్టు తిరగండి. పోయే ముందు కట్ట మీద కూర్చున్నవాళ్లని పలకరించండి. నేను మొదట్లో సిగ్గుపడి పలకరించకుండా పోయేవాణ్ణి. ఒక రోజు ఒక పెద్దాయన "అబ్బయ్యా, ఆడ మేట ఉండాది, ఈ పక్కన రా" అని కేకేశాడు, వినకుండా పోయి మేటెక్కి కూర్చున్నాను. ఆయన నవ్వలేదు, బీడీ ముట్టించుకుని పక్కకి తిరిగాడు, అంతకన్నా నవ్వినా బాగుండేది. ఏరు సముద్రంలో కలిసే చోటికి దగ్గరైతే పోటు ఎప్పుడో కూడా వాళ్లనే అడగండి. పోటు మొదలయ్యాక బయలుదేరితే ఇరుక్కున్నా నీళ్లే మిమ్మల్ని లేపుతాయి, పాటు మీద ఇరుక్కుంటే మళ్లీ పోటొచ్చేదాకా బురదలో కొంగల్తో కబుర్లు.

ప్రశ్న: ఒంగోలు నుంచి రాస్తున్నాను. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయర్ అంచుల్లో తిరగడానికి సెకండ్ హ్యాండ్ కయాక్ ఒకటి దొరికింది, ఏదో రిసార్టులో వాడింది, 22 వేలంటున్నారు. అడుగంతా గీతలే. ఒక స్కప్పర్ రంధ్రం దగ్గర సన్న పగులుంటే ఎం-సీల్ పెట్టారు. కొనొచ్చా?

జవాబు: గీతలకి భయపడకండి, ఆ ఎం-సీల్‌కి భయపడండి. పాలిథీన్‌కి ఎం-సీల్ లాంటి ఏ ఎపాక్సీ జిగురైనా మామూలుగా అతుక్కోదు, నూనె రాసిన పెనం మీద స్టిక్కర్ అంటించినట్టు ఉంటుంది. గోరుతో లేపి చూడండి, పెంకులా ఊడొస్తుంది. ఊడిందంటే పగులు అట్లాగే ఉందన్నమాట, ఆ రిపేరు మిమ్మల్ని చూసి పెట్టింది.

స్కప్పర్ దగ్గర పగులు మామూలు పగులు కాదు. పై పలకనీ అడుగునీ కలిపే గొట్టం అది, మీరు కూర్చుని కదిలినప్పుడల్లా దాని మీద ఒత్తిడి. చాలాసార్లు ఆ పగులు ఎట్లా వస్తుందంటే, ఆ రంధ్రాల్లోకి రెండు కర్రలు దూర్చి నిలబెట్టే చక్రాల బండి మీద పెట్టి గతుకుల్లో తోసుకుపోతారు, బరువంతా ఆ రెండు గొట్టాల మీదే పడి చీలుతుంది. ప్లాస్టిక్ వెల్డింగ్‌తో అతకొచ్చు. నీళ్ల ట్యాంకులకి అతుకులు వేసేవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు, పని అదే, ప్లాస్టిక్ కుటుంబమూ అదే. పగులు రెండు కొసల్లో సన్న చిల్లు వేస్తే అది ఇంకా పాకదు, తర్వాత పైపొర గీకి, అదే రకం ప్లాస్టిక్ కడ్డీ కరిగించి నింపాలి. అడుగున చదునైన చోటైతే ఈ అతుకు ఏళ్లు నిలుస్తుంది, గొట్టం దగ్గరైతే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఇంకో మెలిక, క్రాస్‌లింక్డ్ అనే గట్టి పాలిథీన్‌తో చేసినవి కొన్ని ఉన్నాయి, అవి ఒకసారి అచ్చులో గట్టిపడితే మళ్లీ కరగవు, వెల్డింగ్ కుదరదు. ఏ మూల నుంచైనా వెంట్రుకంత ప్లాస్టిక్ తీసి వేడి ఇనుముకి తగిలించి చూస్తే తెలిసిపోతుంది, కరిగి తీగలా సాగితే అతుకు పడుతుంది.

అంతకన్నా ముందు ఎండ సంగతి చూడండి. రిసార్టు వాళ్లు ఏళ్ల తరబడి ఒడ్డున బోర్లించి వదిలేస్తారు. పై రంగు వెలిసి సున్నం పట్టినట్టు తెల్లబడి, చేత్తో రుద్దితే పొడి అంటుకుందనుకోండి, ప్లాస్టిక్ పెళుసు బారింది. అది గీతలు పడే దశ దాటి పగిలే దశకొచ్చింది, ఉచితంగా ఇచ్చినా వద్దు. రంగు బాగుంటే రాత్రి పూట లోపల టార్చి వేసి బయట నుంచి చూడండి, పలచబడిన చోట్లు వెలుగుతాయి. తర్వాత బిరడా తీసి ఒక బకెట్ నీళ్లు లోపల పోసి, అటూ ఇటూ వాల్చి, అడుగున పాత పేపరు పరిచి పదిహేను నిమిషాలు వదిలేయండి. పేపరు చెప్తుంది మిగతాది.

ఇవన్నీ దాటి, గొట్టం పగులు ఒక్కటే లోపమైతే, నేనైతే 22కి మాత్రం తీసుకోను. సగానికి అడుగుతాను. వాళ్లు 14 అంటారు, అప్పుడు ఆలోచించండి. కొన్నాక డ్యాంలో దించే ముందు అక్కడి సిబ్బందిని అడిగి, ఎటు వైపు పోవచ్చో తెలుసుకోండి, గేట్ల వైపు మాత్రం ఎవరు పోవచ్చన్నా పోవద్దు.

ప్రశ్న: నెల్లూరులో టీచరుగా పనిచేస్తున్నాను. మాది రెండో అంతస్తులో అద్దె ఇల్లు, లిఫ్టు లేదు. జొన్నవాడ వైపు పెన్నలో ఆదివారాలు పోవాలని ఉంది. 50 కిలోలుంటాను, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. పాతిక కిలోల పడవ నా వల్ల కాదు. నాకు దారి లేదా?

జవాబు: ఉందమ్మా, మొదటి ఉత్తరానికి నేను వద్దన్నదే మీకు చెప్తున్నాను. గాలి నింపేది కొనుక్కోండి. కావలి ఆయనకి ముళ్లూ ఆల్చిప్పలూ, మీరు పోయేచోట ఎక్కువ ఇసుకే, మెట్ల మీద మోయాల్సింది మీరు. పడవ ఎంత మంచిదైనా మెట్ల దగ్గరే ఉండిపోతే ఎందుకు?

స్విమ్మింగ్ పూల్ బొమ్మల్లాంటి పలచటివి కాకుండా గుడ్డ మీద పీవీసీ పూత వేసిన మందపాటిది, గాలి అరలు విడివిడిగా మూడైనా ఉన్నది, అడుగున డ్రాప్ స్టిచ్ అనే రకం ఉంటే ఇంకా మంచిది, అది గాలి నిండితే పలకలా బిగుసుకుంటుంది, తేలే లోతు తగ్గుతుంది. కింద బిగించే ఫిన్ అనే రెక్క ఊడదీసేలా ఉండాలి, పొట్టిది ఉంటే అదే వేయండి, మరీ లోతు లేకపోతే తీసేయండి. ఈ పడవలకి రాయికన్నా పెద్ద శత్రువు ఇసుక. గొట్టానికీ అడుగుకీ మధ్య మడతలో చేరి, మీరు ఊగినప్పుడల్లా గరుకు కాగితంలా రుద్దుతుంది. ఇంటికొచ్చాక ఆ మడత విడదీసి నీళ్లు కొట్టండి, నీడలో పూర్తిగా ఆరాకే చుట్టండి, లేకపోతే వారానికే బూజు వాసన. ఎండలో ఒడ్డున పెట్టేటప్పుడు కొంచెం గాలి వదలండి, మధ్యాహ్నానికి లోపలి గాలి వ్యాకోచించి అతుకులు తెగుతాయి. ఒడ్డు దిగేటప్పుడు మాత్రం చిల్లకంప ఎక్కడెక్కడుందో చూసుకుని, పడవని నేల మీద ఈడ్వకుండా ఎత్తుకునే దిగండి, తేలికే కదా.

ఎప్పుడైనా కింది అంతస్తుకి మారితే ఎనిమిది తొమ్మిది అడుగుల పాలిథీన్‌ది చూడండి, వెడల్పు 28 అంగుళాలు దాటకుండా. మరీ వెడల్పైతే మీ చేతులు అంచుకి కొట్టుకుంటాయి. తెడ్డు 220 చాలు. కారెక్కించేటప్పుడు మొత్తం ఒక్కసారే ఎత్తక్కర్లేదు, ముక్కు క్యారియర్ మీద ఆనించి, వెనక నుంచి తోస్తే ఎక్కుతుంది. మెట్ల కింద నీడలో పక్కకి వాల్చి ఉంచండి. పిడులకి తాడు కట్టి వేలాడదీస్తే పడవ నడుము దగ్గర వంగిపోతుంది.

ఒంటరిగా పోతున్నారు కాబట్టి ఎక్కడ దిగుతున్నారు, ఎన్నింటికి వస్తారు అనేది ఇంట్లో చెప్పి పోండి. ఇది ఆడవాళ్లకి చెప్పే జాగ్రత్త కాదు, కావలి ఆయనకి రాయడం మర్చిపోయాను, ఆయనకీ ఇదే.

ప్రశ్న: కందుకూరు దగ్గర పల్లెటూరు మాది. మా చెరువులో చేపలు పట్టేవాళ్లు థర్మోకోల్ తెప్ప మీద పోతున్నారు, ఒక గోతం పట్టా చుట్టి తాడుతో బిగిస్తే అయిపోతుంది. దానికి వేలకు వేలు పోసి కయాక్ ఎందుకు?

జవాబు: అక్కర్లేదు. చెరువులో వల వేసి రావడానికి దాన్ని మించింది లేదు, జానెడు నీళ్లలో తేలుతుంది, మోడు గుద్దుకుంటే ఓ ముక్క పోతుంది, రేపు ఇంకో ముక్క కడతారు. ఆ పోయిన ముక్కలే చెరువంతా తెల్లగా తేలుతుంటాయి, అదొక్కటే నాకు నచ్చనిది. పట్టా రెండు వరసలు చుట్టమనండి.

దాని మీద నిలబడి తెడ్డు వేసేవాళ్లకి చిన్నప్పటి నుంచీ అలవాటు. మీకు అలవాటుందో లేదో మీరు రాయలేదు. వాళ్లలో ఒకరిని అడిగి ఒక పొద్దున కూర్చునే చెరువు చుట్టి రండి, బాగుంటే కయాక్ మాట మర్చిపోండి. ఎక్కేముందు జేబులో ఫోను తీసి కట్ట మీద ఎవరికైనా ఇవ్వండి.